పాత బావికి ఎంత దూరంలో?

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళు నలుగురు కూడితే నాలుగైదేళ్ళకోసారి ఒక చర్చ తప్పకుండా వస్తుంది. డెస్క్‌టాప్ పని అయిపోయిందా? ఇకమీదట ప్రోగ్రాములు దేనికోసం రాయాలి, బ్రౌజర్‌కా, ఫోన్‌కా, వచ్చే ఏడాది ఎవరో ప్రకటించబోయే ఇంకో వేదికకా? 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఇదే చర్చ. 2020లో ఆపిల్ తన సొంత చిప్‌లకు మారినప్పుడు ఇదే చర్చ. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయినప్పుడూ ఇదే. ప్రతిసారీ మేం వేసుకునే ప్రశ్నలు మా గురించే ఉంటాయి. నేనిప్పుడు ఏం నేర్చుకోవాలి? నా ఉద్యోగం ఏమవుతుంది?

నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉన్న ప్రశ్న ఇంకొకటి. అది ప్రోగ్రాం రాసేవాడి గురించి కాదు, పాత ప్రోగ్రాం ముందు కూర్చున్నవాడి గురించి. ఒక మనిషి పదిహేను ఇరవై ఏళ్ళు ఒక సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకుని బతికాడు. దాని కింద ఉన్న నేల మారిపోయింది. మార్చినవాడు ఇతనికేమైనా బాకీ పడ్డాడా? పడితే ఎంత? చట్టాన్నడిగితే జవాబు సులువే. లైసెన్సు ఒప్పందంలో ఏ హామీ లేదని రాసి ఉంటుంది, ఇతను 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే ఉంటాడు. చట్టం అక్కడితో అయిపోతుంది. న్యాయం మాట అక్కడ మొదలవుతుంది.

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె. అనంతపురం నుంచి గుత్తి వైపు పోతుంటే హైవే మీదే వస్తుంది. మండలంలో మిడ్ పెన్నార్ డ్యాం ఉంది గానీ కాలవ అందని పొలాలకు మాత్రం ఆకాశమే దిక్కు, లేకపోతే బోరు. నేను బెంగళూరులో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. కాబట్టి నేల మార్చేవాళ్ళ పక్కన కూర్చుని జీతం తీసుకుంటూ, నేల మారిపోయినవాళ్ళ ఊరికి పండగలకు వెళ్తుంటాను.

*

మా ఊళ్ళో ఒక డీటీపీ సెంటరుంది. నడిపే ఆయన్ని అందరం 'అన్నా' అనే పిలుస్తాం. పెళ్ళిపత్రికలు, బడి వార్షికోత్సవాల కరపత్రాలు, పంట నష్టానికి రైతులు రాయించుకునే అర్జీలు... ఇరవై ఏళ్ళకు పైగా ఆయనది ఇదే పని. ఆయన దగ్గర రెండు కంప్యూటర్లున్నాయి. కొత్తది ఇంటర్నెట్ పనులకి. పాతది విండోస్ ఎక్స్‌పీ పెట్టె, తెలుగు పనికి. పాతదానికి నెట్ తీగ తగిలించనివ్వడు. ప్రతి ఆయుధపూజకీ ముందు బొట్టు దానికే. "ఇది నిల్చిపోయిందంటే నా చేతులు నిల్చిపోయినట్లే అప్పా" అంటాడు.

ఇది ఒక్క అన్న కథ కాదు. తెలుగు పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు రెండు దశాబ్దాలకు పైగా ఎక్కువగా ఇలాంటి పెట్టెల్లోనే తయారయ్యాయి. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, అక్షరాలకి అను ఫాంట్లు, వేళ్ళకి 'ఆపిల్ కీబోర్డు' అని డీటీపీవాళ్ళు పిలిచే మీటల అమరిక. ఈ మూడూ వచ్చినవాడికి పని దొరికేది, రానివాడికి దొరికేది కాదు.

ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. తెర మీద మనకు కనిపించేది తెలుగే గానీ ఫైల్లో ఉండేది తెలుగు కాదు. ఆ రోజుల్లో కంప్యూటర్‌కి తెలుగంటే తెలీదు. అందుకని ఫాంటు తయారుచేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒక స్థానంలో తలకట్టు, ఇంకో స్థానంలో ఒక వత్తు, మరో స్థానంలో సగం అక్షరం. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు గుర్తుల వరస. ఆ ఫాంటు తొడిగితే అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు తీసేస్తే ఎవరికీ అర్థం కాని గందరగోళం. అప్పటి పరిస్థితుల్లో ఇది తెలివైన ఉపాయం. ఇది లేకపోతే ఆ ఇరవై ఏళ్ళ తెలుగు ప్రచురణ జరిగేదే కాదు. కానీ ఉపాయం ఉపాయంగానే ఉంటుంది. ఆ ఫాంటు, ఆ ప్రోగ్రాం, ఆ విండోస్ మూడూ కలిసి బతికినంతకాలమే ఆ ఫైలుకి ప్రాణం.

పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. తర్వాత దాన్ని అభివృద్ధి చేయడం ఆపేశారు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అన్న పెట్టె మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఇక్కడ మా ఆఫీసులో కుర్రాళ్ళు ఒక మాట అంటారు. తప్పు అతనిదే కదా, ఎప్పుడో యూనికోడ్‌కి మారి ఉండాల్సింది కదా అని. న్యాయమైన మాటలాగే వినిపిస్తుంది. తారీఖులు పక్కపక్కన పెట్టి చూద్దాం. యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికింది 1991లో. విండోస్ తనంతట తాను తెలుగు చూపించడం ఎక్స్‌పీతో, 2001లో. గౌతమి అనే ఫాంటు దానితోపాటే వచ్చింది. పేజ్‌మేకర్ చివరిదాకా యూనికోడ్ నేర్వలేదు. దాని వారసుడు ఇన్‌డిజైన్ మన భాషల అక్షరాలను అధికారికంగా సరిగ్గా కూర్చడం మొదలుపెట్టింది 2012లో. అంటే అక్షరానికి చోటు దొరికిన రోజుకీ, ప్రెస్సుల్లో వాడే ప్రధానమైన ప్రోగ్రాంలో ఆ అక్షరంతో పేజీ కట్టుకోగలిగిన రోజుకీ మధ్య 21 ఏళ్ళు. ఆ మధ్యలో యూనికోడ్‌లో ఉత్తరం రాసుకోవచ్చు, వెబ్‌లో పెట్టుకోవచ్చు. ప్రెస్సువాడు అడిగిన ఫైలు మాత్రం ఇవ్వలేం. పక్క ఊరి ప్రెస్సు, అనంతపురం ప్రెస్సు, హైదరాబాదు ప్రెస్సు అన్నీ ఒకే ఫాంటు అడుగుతున్నప్పుడు గార్లదిన్నెలో ఒక మనిషి ఒంటరిగా మారిపోయి ఏం చేసుకోవాలి? ఇష్టపడి ఎంచుకున్నవాడికి 'నువ్వే ఎంచుకున్నావు' అని చెప్పొచ్చు. ఉన్న ఒకే దారిలో నడిచినవాడికి ఆ మాట చెల్లదు.

*

ఈ వ్యవహారంలో పోయేదేమిటో నాకు అర్థమైంది మా మేనమామ పుస్తకం వల్ల. ఆయన బడిపంతులు. చుట్టుపక్కల ఊళ్ళలో చెక్కభజన పాటలు సేకరించాడు. పాడినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే రాసుకున్నాడు. 2004లో అన్న దగ్గరే టైపు చేయించి కొద్ది కాపీలు అచ్చేయించి పంచిపెట్టాడు. ఆ పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. మామ కూడా లేడు. ఆ పుస్తకాన్ని నెట్‌లో అందరికీ అందేలా పెట్టాలని అత్తమ్మ అడిగింది.

ఫైలు ఉంది. అన్న పెట్టెలో భద్రంగా ఉంది. అక్కడ తెరిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. నా ల్యాప్‌టాప్‌లోకి తెస్తే ఇంగ్లీషు గుర్తుల గుంపు. మార్పిడి ప్రోగ్రాములున్నాయి, వాటి గుండా పంపాను. నూటికి తొంభై పైనే సరిగ్గా వచ్చింది. మిగతాది వత్తులు పక్క అక్షరాలకి అంటుకుని, గుడులు మారిపోయి వచ్చింది.

మామూలు వచనమైతే ఆ తప్పులు చదువుతూ దిద్దుకోవచ్చు. ఇది యాసలో ఉన్న పాట. ఒకచోట 'పొయ్యేటి' అనుండాల్సిన దగ్గర 'పోయ్యేటి' అని వచ్చింది. ఇది మార్పిడిలో వచ్చిన తప్పా, ఆ పాట పాడిన అవ్వ నిజంగా అలా సాగదీసిందా? ఏ నిఘంటువు చెప్తుంది? పాడినవాళ్ళు లేరు, రాసుకున్నవాడు లేడు. ఇక మిగిలింది అచ్చు కాపీ ఒక్కటే. దాన్ని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూస్తే తప్ప తేలలేదు.

ఆ పని చేస్తున్నప్పుడు ఒక సంగతి గట్టిగా తగిలింది. అన్న రాకముందు అనంతపురంలో సీసపు అక్షరాలతో కంపోజ్ చేసే ప్రెస్సులుండేవి. డీటీపీ వచ్చి వాటిని మూసేసింది. అక్షరాలను తూకానికి అమ్మేశారు, కంపోజిటర్లు వేరే పనులకు పోయారు. అంటే అన్న కూడా ఒకప్పుడు కొత్త వేదికే. ఎవరి నేలనో మార్చి వచ్చినవాడే. ఈ వరసలో ఎవరూ పూర్తిగా అమాయకులు కారు. కానీ ఒక తేడా ఉంది. సీసపు అక్షరాల ప్రెస్సు చచ్చిపోయినా అది అచ్చేసిన పుస్తకం ఈరోజు కళ్ళున్న ఎవరైనా చదవొచ్చు. దాన్ని చదవడానికి ఆ ప్రెస్సు అనుమతి అక్కర్లేదు. డీటీపీ ఇంకా పూర్తిగా చావనైనా లేదు, దాని ఫైళ్ళు అప్పుడే చదవరానివైపోతున్నాయి. పనిముట్టు పోవడం వేరు, పనిముట్టుతోపాటు అది చేసిన వస్తువు కూడా పోవడం వేరు. మొదటిది ఎప్పుడూ ఉన్నదే. రెండోది కొత్తది, దాన్ని మనం చాలా తేలిగ్గా తీసుకున్నాం.

*

వేదిక కట్టేవాళ్ళ పక్షం కూడా వినాలి. నేను ఆ పక్షాన పనిచేస్తాను కాబట్టి వాళ్ళ కష్టం తెలుసు.

పాతదాన్నంతా ఎప్పటికీ మోయడం కుదరదు. మోసే కొద్దీ కొత్తది బరువెక్కుతుంది, తలుపులు ఎక్కువవుతాయి, దొంగలు దూరే కంతలు ఎక్కువవుతాయి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరింది విండోస్‌లో ఏళ్ళ తరబడి ఉన్న ఒక పాత కంతలోంచే. పాత విండోస్‌ని వదిలేయండి అని వాళ్ళు చెప్తున్నారంటే కేవలం కొత్తది అమ్ముకోవడానికే కాదు.

ఈ బరువుని ఎవరు మోయాలన్న దానిమీద మా రంగంలో వేర్వేరు సంప్రదాయాలున్నాయి. జోయెల్ స్పోల్‌స్కీ 2004లో ఒక వ్యాసంలో చెప్పిన సిమ్‌సిటీ ఆట కథ మావాళ్ళలో చాలామందికి తెలుసు. ఆ ఆట, వాడి వదిలేసిన మెమరీని మళ్ళీ చదివేది. పాత విండోస్‌లో ఆ తప్పు బయటపడలేదు. విండోస్ 95లో బయటపడి ఆట కూలిపోవడం మొదలుపెట్టింది. తప్పు ఆటది. అయినా సరే, ఆ ఆట నడుస్తున్నప్పుడు మాత్రం మెమరీని వెంటనే వెనక్కి తీసుకోకుండా ఉండేలా విండోస్‌లోనే ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. లినక్స్‌లో లైనస్ టోర్వాల్డ్స్ పట్టుదలగా అమలు చేసే నియమమూ ఇలాంటిదే. కెర్నెల్‌లో మార్పు వల్ల నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ ఆగిపోతే తప్పు కెర్నెల్‌దే, ప్రోగ్రాంది కాదు. ఆపిల్‌ది వేరే దారి. 2006లో ఇంటెల్ చిప్‌లకు మారినప్పుడు పాత ప్రోగ్రాములు నడవడానికి రొసెట్టా అనే వంతెన వేసింది, 2011లో తీసేసింది. 2019లో కటలీనాతో 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఒకేసారి ఆపేసింది. గడువు చెప్తుంది, వంతెన వేస్తుంది, తర్వాత వంతెన కూల్చేస్తుంది.

ఏది మంచి పద్ధతి అన్న వాదన మాలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నాకు మాత్రం ఈ కథల్లో కనిపించే విషయం ఇంకొకటి. సిమ్‌సిటీకి ఆ మర్యాద ఎందుకు దొరికింది? లక్షలమంది ఆడే ఆట కాబట్టి. అది ఆగిపోతే జనం కొత్త విండోస్‌ని తిడతారు కాబట్టి. చిన్న పట్నాల్లో డీటీపీ సెంటర్లు నడుపుకునేవాళ్ళు తిడితే ఆ తిట్టు ఎవరికి వినిపిస్తుంది? అంటే పాతదానికి ఇచ్చే గౌరవం గిరాకీని బట్టి కొలిచి ఇచ్చేది. వ్యాపారంలో అది సహజమే. కానీ గిరాకీ ఉన్నచోట మాత్రమే తీర్చేదాన్ని బాకీ అనం, మర్యాద అంటాం. ఇవ్వడం మానేసినా అడిగేవాడుండడు.

*

బాకీ అన్న మాటకి కొలత ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుంటే నాకు మా జిల్లా బోర్లు గుర్తొస్తాయి.

మా వైపు ఒకప్పుడు దిగుడు బావులుండేవి, మోటలు తోలేవాళ్ళు. తర్వాత బోర్లొచ్చాయి. పక్క పొలంలో ఒకడు ఆరు వందల అడుగులు బోరు వేస్తాడు. వాడికి మనమీద పగ లేదు. వాడి భూమిలో వాడు, వాడి అప్పుతో వాడు వేసుకున్నాడు. నీళ్ళు పడతాయి. కొన్నాళ్ళకి మన బావిలో చెంబు మునగదు. వాడు మనకేమన్నా అన్యాయం చేశాడా? మన బావిలోంచి చెంబెడు నీళ్ళు కూడా తీసుకోలేదు. కానీ మన బావి ఎండింది వాడి బోరు వల్లే. ఇక మనం ఎనిమిది వందల అడుగులు వేయాలి. దాంతో ఇంకొకడిది ఎండుతుంది.

కొత్త వేదికలు పాతవాటిని ఎండబెట్టే పద్ధతి అచ్చం ఇలాగే ఉంటుంది. అన్న పెట్టెలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. అది నిన్న ఎలా నడిచిందో ఇవాళా అలాగే నడుస్తోంది. ప్రెస్సులు, ఆఫీసులు, ప్రింటర్ల డ్రైవర్లు, విడిభాగాలు అన్నీ కొత్త లోతుకి వెళ్ళిపోయాయి. పైన ఊట ఆగిపోయింది.

ఈ సమస్యకి మన రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష చట్టం, అందరూ వాల్టా అనేది. ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని అందులో ఒక నియమం. మినహాయింపులున్నాయి, అమలు సంగతి మా పొలాల్లో చూస్తేనే తెలుస్తుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ నియమం వెనక ఉన్న ఆలోచన. కొత్త బోర్లు వేయొద్దని అది చెప్పలేదు, ఉన్న ప్రతి బావినీ కాపాడతాననీ అనలేదు. నీళ్ళలో రెండు రకాలున్నాయని గుర్తించింది. పైరుకి పారే నీళ్ళ కోసం మనుషులు పోటీ పడొచ్చు, ఒకడు గెలిచి ఒకడు ఓడొచ్చు. తాగే నీళ్ళు ఆ పోటీలో లేవు. ఆ బావి నీళ్ళు ఎంతమంది తాగుతారన్న లెక్క కూడా ఆ నియమం అడగదు.

దీన్ని మా పనికి అన్వయించుకుంటే నా జవాబు ఇది. ప్రోగ్రాం, దాని మెనూలు, దాని వేగం, దాని మీద అలవాటుపడ్డ వేళ్ళు, ఇవి సాగునీళ్ళు. ఇవి మారతాయి, వీటి కోసం పోటీ ఉంటుంది, కొందరు నష్టపోతారు. ఆ నష్టం నిజమైనదే, కానీ దాన్ని పూర్తిగా ఆపడం ఎవరితరమూ కాదు. ఆ ప్రోగ్రాంతో మనిషి రాసుకున్నది మాత్రం తాగునీళ్ళు. మామ సేకరించిన పాటలు, ఒక రైతు అర్జీ, ఒక ఊరి దుకాణం పద్దులు. వేదిక కట్టేవాడు పనిముట్టుని ఎప్పటికీ మోయాల్సిన పని లేదు. కానీ ఒక మనిషి తన రాత తీసుకుని, ఎవరి అనుమతీ అడగకుండా, వేరేచోట చదువుకునేలా బయటికి నడిచిపోయే దారి ఉంచాలి. నేను బాకీ అనేది దాన్ని. అది పోయాక వేసే దారి కాదు, మొదటిరోజే వేసి ఉంచాల్సిన దారి.

*

అలాంటి దారి సాధ్యమే కాదని అనలేం. తెలుగువాళ్ళు కొందరు వేసి చూపించారు. ఒకప్పుడు మన పత్రికల వెబ్‌సైట్లలో ఒక్కోదానికి ఒక్కో ఫాంటుండేది. అది లేకపోతే గుర్తుల గుంపు కనిపించేది. వెన్న నాగార్జున 'పద్మ' అనే పొడిగింపు రాశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని పెట్టుకుంటే ఆ పేజీలు యూనికోడ్‌లోకి మారి కనిపించేవి. మనలో చాలామంది మొదట తెలుగు టైపు చేసిన వీవెన్ గారి 'లేఖిని' ఆ పద్మ ఆధారంగానే వచ్చింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాత వేదిక నుంచి కొత్తదానికి దాటించడానికి వేసిన వంతెన కూడా ఒక వేదిక మీదే కట్టింది కదా. కానీ దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉండేది కాబట్టి అది లేఖినిలో బతికింది. దారి తెరిచి ఉంచడమంటే నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

దీన్నే చూపించి 'చూశారా, ఎవరో ఒకరు చేస్తారు' అనడం మాత్రం నాకు నచ్చదు. బోరు వేసినవాడు వేసుకుంటూ పోతుంటే, ఎండిన బావుల దగ్గరికి ట్యాంకరుతో నీళ్ళు పోసేవాళ్ళు జీతం లేకుండా, రాత్రిళ్ళు కూర్చుని ఆ పని చేశారు. వాళ్ళ మంచితనం వాళ్ళది. దాన్ని బాకీ పడ్డవాళ్ళ ఖాతాలో జమ వేయకూడదు.

ఇక డెస్క్‌టాప్ భవిష్యత్తు. ఇప్పుడు మా రంగం నడుస్తున్న దిక్కు చూస్తే ప్రోగ్రాం మన పెట్టెలో ఉండదు, ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. మనం బ్రౌజర్‌లోంచి వాడతాం, నెలకింత అని కడతాం. అడోబీ లాంటి సంస్థ 2013 నుంచే కొత్త కూర్పులను చందా పద్ధతికి మార్చేసింది. దీనివల్ల మేలు లేకపోలేదు. ఫైళ్ళు యూనికోడ్‌లో ఉంటాయి, పెట్టె పాడైనా రాత పోదు, ఫోన్‌లోనూ తెరుచుకోవచ్చు. ఒకరకంగా అన్న కష్టాలన్నిటికీ ఇదే మందు అనిపిస్తుంది.

కానీ అన్న పాత పెట్టెకి ఒక గుణముంది. అది ఆయన మాట వింటుంది. కరెంటుంటే చాలు, తెరుచుకుంటుంది. నెల కట్టలేదని తలుపు మూయదు. రాత్రికి రాత్రి మెనూలు మార్చదు. ఆయన రాసినది ఎవరికీ చెప్పదు. మద్దతు ఆగిపోయి పదేళ్ళు దాటినా ఆయన ఇంకా దానిమీద అన్నం తింటున్నాడంటే అది ఆ గుణం వల్లే. రేపు సర్వర్‌లో ఉన్న ప్రోగ్రాంని ఆపేస్తే, ఆపేసిన రోజే అందరికీ ఆగిపోతుంది. పాత పెట్టె పెట్టుకుని ఇంకో పదేళ్ళు లాక్కొచ్చే అవకాశం ఎవరికీ ఉండదు. అన్నది చేతిలో ఉండి ఇతరులు చదవలేని రాత. రేపటి మనది అందరూ చదవగలిగి, మన చేతిలో లేని రాత. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమనడం అన్యాయం. రెండూ కావాలని అడగొచ్చు. మన ముందున్న యంత్రం మన మాట వినాలి, అందులోని రాత దేనితోనైనా తెరుచుకోవాలి. నా దృష్టిలో డెస్క్‌టాప్‌ని కాపాడుకోవాలన్న మాటకి అర్థం ఇంతే. విండోస్ ఉంటుందా, ఇంకోటి వస్తుందా అన్నది తర్వాతి సంగతి.

మా ఆఫీసులో కొత్త కూర్పుకి ఫైలు పద్ధతి నిర్ణయించే మీటింగులు జరుగుతుంటాయి. అలాంటప్పుడు నేనొక ప్రశ్న అడుగుతుంటాను. రేపు మన కంపెనీ లేదు, మన సర్వర్ లేదు. ఈ ఫైలు పట్టుకుని ఒక మనిషి ఎక్కడికి పోతాడు? ఎప్పుడూ ఒకే జవాబొస్తుంది. బయటికి పోయే మీట పెట్టినా నూటికి ఒక్కడు కూడా నొక్కడు, దానికోసం రెండు వారాల పని ఎందుకు? లెక్క తప్పు కాదు. కానీ తాగే బావికి దూరం పాటించేటప్పుడు చేందలు లెక్కపెట్టం కదా అంటాను. కొన్నిసార్లు ఆ మీట పెడతారు, కొన్నిసార్లు తర్వాత చూద్దామంటారు.

ఇంత చెప్పినా అన్న వేళ్ళ సంగతి మిగిలిపోతుంది. ఫైళ్ళకి దారి దొరికినా, ఇరవై ఏళ్ళు చూడకుండా కొట్టగలిగిన ఆ చేతులకి ఏం దారి? సాగునీళ్ళన్నాను కాబట్టి దాన్ని నష్టాల్లో రాసేయాలి. మా జిల్లాలోనే కొన్ని ఊళ్ళలో రైతులు, ఇక కొత్త బోర్లు వేయమని ఒప్పందం చేసుకుని, బోర్లున్నవాళ్ళు లేనివాళ్ళ ఎండుతున్న చేనుకి ఒకట్రెండు తడులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఏ చట్టమూ వాళ్ళని అడగలేదు. మీటల అమరిక అంటే కంప్యూటర్‌కి ఒక చిన్న పట్టిక మాత్రమే, ఏ మీటకి ఏ అక్షరమో చెప్పేది. పాత వేళ్ళకి కొత్త ప్రోగ్రాంలో చోటివ్వడం పెద్ద పని కాదు. దాన్ని బాకీ అనను. ఎండుతున్న పక్క చేనుకి ఇచ్చే తడి అంటాను. ఇవ్వకపోతే అడిగే హక్కు ఎవరికీ లేదు, ఇస్తే ఆ ఏడు పంట దక్కుతుంది.